పాట పాతదే, ట్రాక్ ఎవరిది?

వినాయక చవితి మొదలు సంక్రాంతి దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేదికలకు తీరిక ఉండదు. వీధి మలుపులో కోలాటం, తిరునాళ్లలో పద్యనాటకం, కల్యాణ మండపంలో పెళ్లి పాటలు, అపార్టుమెంటు మేడ మీద కొత్త సంవత్సరం సందడి. వీటి వెంటే కొన్నేళ్లుగా కాపీరైట్ భయం కూడా తిరుగుతోంది. కోలాటం వీడియోను యూట్యూబులో పెట్టగానే క్లెయిమ్ వచ్చిందని ఒక బృందం కంగారు పడుతుంది. పాటలకు లైసెన్సు ఏదని నోటీసు వచ్చిందని ఒక హోటలు యజమాని తల పట్టుకుంటాడు. "మేం పాడింది మా నాయనమ్మ పాడిన పాట కదా, దానికి లైసెన్సు ఏమిటి?" అని బృందాలవారు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. నాయనమ్మ పాటకు లైసెన్సు అక్కర్లేదు. అయితే వేదిక మీద వినిపిస్తున్నది నాయనమ్మ పాట ఒక్కటేనా అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

ముందుగా ఒక అయోమయాన్ని పక్కన పెడదాం. మైకు పెట్టుకోవడానికి పోలీసులు ఇచ్చే అనుమతికీ, కాపీరైట్‌కూ సంబంధం లేదు. రాత్రి పది దాటాక మైకు మోగకూడదనేది 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల సంగతి. దేవస్థానం ఇచ్చే అనుమతి స్థలానికి సంబంధించినది. పాట వాడుకునే అనుమతి ఆ పాట మీద హక్కున్నవారే ఇవ్వాలి. పోలీసు స్టేషన్ కాగితం చేతిలో ఉంది కనుక అన్నీ సర్దుకున్నాయని అనుకునే కమిటీలు చాలా ఉన్నాయి.

ఒకే పాట, నలుగురు హక్కుదారులు

1957 నాటి కాపీరైట్ చట్టం పాటను ఒక్క ముద్దగా చూడదు. మాటలు సాహిత్య రచన. బాణీ సంగీత రచన. ఇందులో మాటలు చేరవని నిర్వచనమే చెబుతోంది. ఆ రెంటినీ పాడించి, వాయించి స్టూడియోలో నమోదు చేస్తే తయారయ్యేది సౌండ్ రికార్డింగ్, దానికి ఇంకో యజమాని. ఇవి కాక గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకుల హక్కు వేరుగా ఉంది. ఒక్కో హక్కుకు ఒక్కో గడువు.

గాత్రం తనదైనంత మాత్రాన పాట తనది కాదన్న సంగతి తెలుగువారికి బాగా తెలిసొచ్చింది 2017 మార్చిలో. నెల్లూరు తనదని చెప్పుకున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అప్పుడు అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అనుమతి లేకుండా తన బాణీలు పాడవద్దని ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు అందిందని ఆయనే ఫేస్‌బుక్‌లో చెప్పారు, ఆ పర్యటనలో ఆ పాటలు పాడబోమనీ ప్రకటించారు. దానిమీద జనం రెండుగా చీలారు. ఆ గొంతు లేకపోతే ఆ పాట ఎక్కడిదని ఒక వర్గం, బాణీ కట్టినవారికి వాటా అడిగే హక్కు లేదా అని మరో వర్గం. అనుమతి తీసుకోవలసింది గాయకుడా, కచేరీ ఏర్పాటు చేసిన నిర్వాహకుడా అన్నది మూడో ప్రశ్న. సాధారణంగా లైసెన్సు నిర్వాహకుడి పనే. చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది: లాభం కోసం తన స్థలాన్ని అనుమతి లేని ప్రదర్శనకు ఇచ్చిన యజమాని కూడా, అది ఉల్లంఘన అని తెలుసుకునే అవకాశమే లేదని చూపలేకపోతే, బాధ్యుడే. మండపాల వారికి నోటీసులు వెళ్లడానికి మూలం ఇదే.

అరవై ఏళ్ల లెక్క కాటి సీనులో ఎలా పడుతుంది

మాటలకు, బాణీకి గడువు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. లెక్క చనిపోయిన రోజు నుంచి కాదు, మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి సంవత్సరం పట్టుకోవాలి. మొదట ఈ గడువు 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద హక్కు ముగిసే వేళ, 1992లో చట్టాన్ని సవరించి ఇంకో పదేళ్లు చేర్చారు. ఒక్క కవి కోసం మొదలైన ఆ పొడిగింపు అందరికీ వర్తించింది.

మన నాటక బృందాల దగ్గరకు వద్దాం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యాలు కోస్తాలో నోటికి రాని ఊరు లేదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1950లో పోయారు. చివరి సంవత్సరం 1950 కాబట్టి 2010 డిసెంబరు 31తో గడువు తీరింది. ఒంగోలులో ఆడినా చీమకుర్తిలో ఆడినా ఆ పద్యాలకు ఎవరినీ అడగక్కర్లేదు.

హరిశ్చంద్ర నాటకం ఇంత సులువు కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో మరణించారు, కనుక నాటకం మీద హక్కు 2013 చివరితో పోయింది. కానీ కాటి సీనులో హరిశ్చంద్రుడు పాడే పద్యాలన్నీ బలిజేపల్లివి కావు. ప్రేక్షకుల చేత ఒన్స్‌మోర్ అనిపించే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా 'శ్మశానవాటి' నుంచి వచ్చి నాటకంలో కలిసిపోయాయి. జాషువా మరణం 1971లో. అంటే ఆ పద్యాల మీద కాపీరైట్ 2031 డిసెంబరు 31 దాకా ఉంటుంది. నాటకం అందరిదీ, నాటకానికి ప్రాణం పోసే పద్యం ఇంకా హక్కులో ఉన్నది. ఇన్ని దశాబ్దాలుగా ఊరూరా పాడుతున్నారు కదా అంటే, అలవాటు వల్ల హక్కు రద్దు కాదు. అలాగని కాటి సీను ఆడిన ప్రతి బృందమూ నేరస్థులనీ కాదు. చాలా ప్రదర్శనలకు వర్తించగల మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరకు వస్తాను. పాతకాలపు నాటకం కదా అని మొత్తాన్ని ఒకే గాటన కట్టేయడం ఎందుకు కుదరదో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

సినిమా పాటలకూ ఇదే లెక్క, కాకపోతే యజమాని మారతాడు. నెల్లూరు జిల్లా బిడ్డ ఆచార్య ఆత్రేయ 1989లో పోయారు. ఆయన రాసిన మాటల గడువు 2049 చివరి దాకా. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నది నిర్మాతతో, ఆడియో కంపెనీతో కుదిరిన ఒప్పందాల మీద ఉంటుంది. సినిమా కోసం రాయించుకున్న పాటకు మొదటి యజమాని నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012 సవరణ వచ్చాక, హక్కులు అమ్ముకున్నా రాయల్టీలో వాటా మాత్రం రచయిత, సంగీత దర్శకుల నుంచి పోకుండా రక్షణ దొరికింది.

అన్నమయ్య మాట, నిన్నటి బాణీ

త్యాగరాజు విషయంలో గొడవ లేదు. ఆయన ఇంటిపేరు కాకర్ల. పూర్వీకులది ఉమ్మడి ప్రకాశం జిల్లా కంభం ప్రాంతపు కాకర్ల గ్రామమని చెబుతారు. ఆయన 1847లో సిద్ధి పొందారు. మన దేశంలో తొలి కాపీరైట్ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే, చివర్లో. మాటా, బాణీ రెండూ ఆయనవే, రెండూ అందరివీ.

అన్నమయ్య దగ్గర జాగ్రత్త పడాలి. ఆయన కాలం 1408 నుంచి 1503. తిరుమల రాగిరేకుల మీద పాటల సాహిత్యం, రాగాల పేర్లు దొరికాయి, స్వరాలు దొరకలేదు. ఈరోజు మనం వినే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. ఆ బాణీలు కట్టినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ 2025లో మరణించారు. 'నానాటి బతుకు' నేదునూరి రేవతి రాగంలో కట్టిన బాణీ. 'వినరో భాగ్యము'కు గరిమెళ్ల బాణీ ప్రసిద్ధం. మామూలు లెక్కలో మొదటి దాని గడువు 2074 చివరకు, రెండో దానిది 2085 చివరకు తీరుతుంది. వీటి యజమాని స్వరకర్తేనా, ఆయన పనిచేసిన సంస్థా అన్నది ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి తేలే సంగతి. అయిదు వందల ఏళ్లనాటి కీర్తన అని కోలాటం గురువు చెప్పే మాట నిజమే, అయితే పాటలో సగానికే నిజం. అదే సాహిత్యానికి మీ బృందం సొంతంగా బాణీ కట్టుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైగా ఆ బాణీ మీద హక్కు మీకే వస్తుంది.

జానపదం అందరిదీ అయితే తగవు ఎక్కడిది

ఎవరు రాశారో తెలియని, తరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన గొబ్బిపాట, నాట్ల పాట, జోలపాట మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మన చట్టంలో జానపదానికి ప్రత్యేకమైన అధ్యాయం కూడా లేదు. సంక్రాంతికి ఊళ్లో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాటను మైకులో పాడినా, టికెట్టు పెట్టి పాడినా చట్టం అడ్డురాదు.

తగవంతా ఆ పాట మీద తరవాత పేరుకున్న పొరల్లో ఉంది. సంగీత రచనకు చేసే అరేంజ్‌మెంటును చట్టం 'అనుసరణ'గా గుర్తిస్తుంది. పాత పల్లవికి కొత్త చరణాలు రాసి, మధ్యలో కీబోర్డు బిట్లు చేర్చి, తాళం మార్చితే, కొత్తగా చేర్చిన భాగానికి హక్కు పుడుతుంది. ఎంత చేర్చితే కొత్తదవుతుంది? 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన కొలత, ఒట్టి శ్రమ చాలదు, కాస్తయినా సృజన ఉండాలి అని. శ్రుతి పెంచి డ్రమ్ము చప్పుడు కలిపితే ఆ కొలతకు సరిపోతుందా అంటే, కేసును బట్టి చూడవలసిందే. జానపద గేయాల సంకలనం తెచ్చినవారికి ఎంపిక మీద, వరస మీద, పీఠిక మీద హక్కు ఉంటుంది, విడివిడిగా ఒక్కో పాట మీద ఉండదు.

2021లో 'సారంగదరియా' సినిమాలోకి వచ్చినప్పుడు రేగిన వివాదం ఇక్కడే పుట్టింది. పాటను సేకరించినవారు ఒకరు, టీవీలో పాడి జనానికి చేర్చినవారు ఒకరు, పల్లవి తీసుకుని సినిమాకు రాసినవారు ఒకరు. సేకరించడం విలువైన పని, ఆ పేరు చెప్పడం మర్యాద. కానీ సేకరణ వల్ల కాపీరైట్ రాదు. మర్యాదకూ హక్కుకూ మధ్య ఉన్న ఈ ఎడం చాలామందికి అన్యాయంగా తోస్తుంది. నాకూ తోస్తుంది. అయినా చట్టం ప్రస్తుతం అలాగే ఉంది.

శాస్త్రీయ సంగీతంలో దీనికి జోడీ లాంటి కేసు ఢిల్లీ హైకోర్టులో నడిచింది. ధ్రుపద్ గాయకులైన డాగర్ కుటుంబం పాడే శివస్తుతిని ఏఆర్ రెహ్మాన్ సినిమా పాటలో వాడుకున్నారన్న ఫిర్యాదు మీద 2025 ఏప్రిల్‌లో ఏకసభ్య ధర్మాసనం డాగర్ల వైపు మొగ్గింది. సెప్టెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. మొట్టమొదట పాడినట్టు తెలిసినవారే దాన్ని రచించినవారని అనుకోవడానికి లేదన్నది ఆ ధర్మాసనం తర్కం. గురుపరంపరలో వచ్చిన పాటను "మా ఇంటి పాట" అనుకునేవారికి ఇది పెద్ద చిక్కే.

గుడి, పెళ్లి, బడి, క్లబ్బు

హక్కు ఉన్న పాటను వాడినా ఉల్లంఘన కాని సందర్భాలను సెక్షన్ 52 చెబుతుంది. మన ఊళ్ల వేదికలకు ఎక్కువగా పనికొచ్చేవి నాలుగు.

నిజమైన మతపరమైన క్రతువులో పాడినా, రికార్డు వేసినా తప్పు లేదు. ప్రభుత్వం, స్థానిక సంస్థలు జరిపే అధికారిక కార్యక్రమానికీ ఇదే వెసులుబాటు. క్రతువు అంటే పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అని చట్టమే వివరణ ఇచ్చింది. కాబట్టి నెల్లూరులో ఏ మండపంలోనైనా ముహూర్తం పాటలకూ, ఊరేగింపు బ్యాండుకూ రక్షణ ఉంది. ముందు రోజు రాత్రి సంగీత్ సంగతి? పెళ్లి వేడుకలకు డబ్బు వసూలు చేయవద్దని 2023 జులైలో కేంద్రం కాపీరైట్ సొసైటీలకు, అంటే హక్కుదారుల తరఫున లైసెన్సులిచ్చి డబ్బు వసూలు చేసే సంస్థలకు, ప్రకటన ఇచ్చింది. 2024లో గోవా ప్రభుత్వం ఇదే ధోరణిలో సర్క్యులర్ జారీ చేస్తే బాంబే హైకోర్టు కొట్టేసింది, చట్టంలో ఉన్న మినహాయింపును సర్క్యులర్‌తో పెంచడం కుదరదని. అంటే పెళ్లికి మినహాయింపు పోలేదు. దాని హద్దును చట్టం మాటలను బట్టి కోర్టులు తేలుస్తాయి, ప్రభుత్వ కాగితం కాదు.

తిరునాళ్లకూ ఇదే ప్రశ్న. సింగరాయకొండలో స్వామి కల్యాణం దగ్గర పాడే పాట క్రతువులో భాగమే. అదే తిరునాళ్లలో రాత్రి పదకొండింటికి ప్రభ మీద సినిమా పాటల ఆర్కెస్ట్రా మొదలైతే? దేవుడి పేరున జరిగేదంతా ఉత్సవమేనని ఒక వాదం, భక్తితో సంబంధం లేని వినోదానికి దేవుణ్ని అడ్డం పెట్టుకోవడం కుదరదని మరో వాదం. చట్టంలోని 'నిజమైన' అన్న విశేషణం రెండో వాదానికే ఎక్కువ బలమిస్తుందని నాకనిపిస్తుంది.

రెండోది, ఔత్సాహిక క్లబ్బో సంఘమో డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు ఆడితే, లేదా మత సంస్థ సహాయార్థం ఆడితే లైసెన్సు అక్కర్లేదు. కాటి సీనుకు నేను చెప్పిన రక్షణ ఇదే: ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కలిసి ఉచితంగా ఆడే నాటకానికి జాషువా పద్యం అడ్డు కాదు. పారితోషికం పుచ్చుకుని తిరిగే వృత్తి బృందాన్ని ఔత్సాహికులు అనడం కష్టం. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత రచనలకే, సౌండ్ రికార్డింగుకు కాదు. హార్మోనియం పెట్టుకుని పాడితే చెల్లుతుంది, పెన్‌డ్రైవ్‌లో కంపెనీ ట్రాక్ వేసి దాని మీద ఆడితే చెల్లదు. కోలాటం బృందాలు ఇప్పుడు జట్టు పాటను వదిలి ట్రాక్ మీదకు వెళ్లిపోయాయి కనుక, వాటికి ఈ తేడాయే ముఖ్యం.

బడి వార్షికోత్సవంలో పిల్లలు, ఉపాధ్యాయులు పాడితే ఫరవాలేదు. రికార్డు వేసి నాట్యం చేయిస్తే, చూసేవారు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడితో సంబంధం ఉన్నవారికి పరిమితం కావాలి. చివరిది అపార్టుమెంట్లకు: నివాసులు ఉమ్మడిగా వాడుకునే మూసిన గదిలో లేదా హాలులో రికార్డు వేసుకోవచ్చు. మేడ మూసిన గది కాదు. కావలిలో డిసెంబరు 31 రాత్రి మేడ మీద డీజే పెట్టే సంఘాలు ఈ మాట గమనించాలి.

డబ్బు అడిగేదెవరు

మాటలు, బాణీల తరఫున లైసెన్సు ఇచ్చేది ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), 1969లో ఏర్పడింది. రికార్డుల తరఫున వసూలు చేసేవి ఒకటికి మించి ఉన్నాయి: 1941 నాటి పీపీఎల్ (ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్), నోవెక్స్, 2021లో కాపీరైట్ సొసైటీగా నమోదైన ఆర్ఎంపీఎల్ (రికార్డెడ్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్). ఆర్కెస్ట్రా వేదిక మీద స్వయంగా సినిమా పాటలు పాడితే ఐపీఆర్ఎస్ సంగతి చూసుకోవాలి, రికార్డు కంపెనీతో పని లేదు. రికార్డే వేస్తే రెండు వైపులా అడగవచ్చు. రికార్డు మోగినప్పుడు కూడా రచయిత, స్వరకర్తలకు రాయల్టీ ఇవ్వాలని ఎఫ్ఎం రేడియోల కేసులో 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు చెప్పింది.

నమోదైన సొసైటీ కాని సంస్థ ఇలా మూకుమ్మడిగా లైసెన్సులు ఇవ్వవచ్చా అన్నది అసలు పేచీ. సొసైటీయే ఇవ్వాలని 2021లో మద్రాసు హైకోర్టు, హక్కుల యజమాని తన పేరున తాను ఇచ్చుకోవచ్చని 2024 జనవరిలో బాంబే హైకోర్టు తేల్చాయి. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం పీపీఎల్ నమోదు చేసుకోవాలి, లేదా నమోదైన సొసైటీలో చేరాలి అంది. అదే నెలలో ఆ ఆదేశాల అమలు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. చిన్న ఊళ్ల మండపాలవారి గోడు ఏమంటే, ఎవరికి కడితే రసీదు చెల్లుతుందో తెలియడం లేదని. హక్కుదారుల వాదన, దుకాణం అద్దె, కరెంటు, డెకరేషన్ అన్నిటికీ కట్టేవారు పాట దగ్గరే ఉచితం అడుగుతారని. రెంటిలోనూ నిజముంది. వచ్చినవారిని ఏ పాటల మీద హక్కు ఉందో జాబితా చూపమని, ఆ హక్కు ఎలా సంక్రమించిందో చెప్పమని అడగడానికి మండపం యజమానికి అధికారం ఉంది. సొసైటీలు ధరల పట్టికను ప్రకటించవలసిందే. పేచీని చిన్నదిగా తీసుకోవడానికీ లేదు: కావాలని చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి, ఈ నేరం కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

యూట్యూబ్ క్లెయిమ్ ఇంకో దారి. అది కోర్టు నోటీసు కాదు, కంప్యూటర్ తన దగ్గరున్న రికార్డులతో పోల్చి ఇచ్చే గుర్తింపు. త్యాగరాజ కీర్తనను మీరే పాడినా, ఎవరిదో రికార్డుతో పోలిందని క్లెయిమ్ రావచ్చు. అప్పుడు రచన గడువు తీరిందని, రికార్డింగు సొంతమని చెప్పి వివాదం నమోదు చేయవచ్చు. మార్కెట్లో కొన్న కరోకే ట్రాక్ మీద పాడి ఉంటే ఆ జవాబు నిలవదు. రికార్డింగుకు గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1964లో విడుదలైన రికార్డు మీద హక్కు 2024 చివరితో పోయింది, 1975 నాటిది 2035 చివరి దాకా ఉంటుంది.

పాట ఎవరిదీ కాదు, గొంతు మాత్రం ఆమెది

అందరూ మరిచిపోయే హక్కు ఒకటి మిగిలింది. నెల్లూరు జిల్లాలో ఎక్కువగా ఉండే యానాదుల గూడెంలో ఒక పెద్దావిడ పాడిన పాటను ఎవరో ఫోనులో రికార్డు చేసి, వాద్యాలు కలిపి విడుదల చేశారనుకుందాం. పాటకు రచయిత లేరు కనుక కాపీరైట్ ఉల్లంఘన లేదు. ఆ సమాజానికి ఇందులో వాటా ఉండాలని ఒక పక్షం అంటుంది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2000 నుంచి ఒక కమిటీ పెట్టి దీన్ని చర్చిస్తూనే ఉంది. ఎవరిని సమాజ ప్రతినిధిగా గుర్తించాలి, పక్క జిల్లాలోనూ అదే పాట ఉంటే ఎలా, అనుమతుల భయంతో పాడేవారే తగ్గిపోరా అని మరో పక్షం అడుగుతుంది. ఈ ప్రశ్నలకు ఇంకా జవాబు కుదరలేదు.

పెద్దావిడ హక్కు మాత్రం ఆ చర్చ తేలేదాకా ఆగనక్కర్లేదు. చట్టంలో ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులు, నర్తకుల పక్కనే దొమ్మరాటవారు, పాములాడించేవారు కూడా ఉన్నారు. చదువు, సంఘ సభ్యత్వం, రికార్డు కంపెనీ ఒప్పందం వంటి షరతులేవీ లేవు. ఆమె సమ్మతి లేకుండా ఆ పాటను రికార్డు చేయడం, ఆ రికార్డును అమ్మడం ఆమె హక్కును దాటడమే. పాడినది ఆమేనని చెప్పించుకునే హక్కు, వాణిజ్యంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు కూడా ఉన్నాయి. గడువు పాడిన మరుసటి ఏడాది మొదలు 50 ఏళ్లు: 2025లో పాడితే 2075 డిసెంబరు 31 దాకా.